మరి ఆ ప్రైజు మాటేమిటి?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. పోయిన వారం వాడి బ్యాగు సర్దుతుంటే అడుగున ఒక భూతద్దం కనిపించింది. ఎక్కడిదని అడిగితే ‘ఫ్రెండు ఇచ్చాడు’ అన్నాడు. మర్నాడు ఆ ఫ్రెండు వాళ్లమ్మ ఫోన్ చేశారు. తాతగారు ఇచ్చిన భూతద్దం పోయిందని వాళ్లబ్బాయి మూడు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాడట, మావాడు ఎక్కడైనా చూశాడేమో కనుక్కోమన్నారు. నాకు నోట మాట రాలేదు. ‘అడిగి చెబుతాను’ అని పెట్టేశాను. నిలదీస్తే మావాడు ఒప్పుకున్నాడు. కోపంలో ‘దొంగవెధవా’ అని ఒక దెబ్బ వేశాను. మా అత్తగారు ‘దేవుడంటే భయం పెట్టకపోతే నీతి ఎక్కణ్నుంచి వస్తుంది’ అంటున్నారు. మావారేమో స్కూల్లో నీతి పాఠాలు సరిగ్గా చెప్పకపోవడం వల్లే ఇదంతా అంటున్నారు. ఇది పుట్టుకతో వచ్చే గుణమేమో, ఇక మారదేమో అని నాకు టెన్షన్. పైగా తిడుతుంటే ఎదురు మాట్లాడాడు. పోయిన నెల సైన్స్ ఎగ్జిబిషన్‌లో వాడికి ఫస్ట్ ప్రైజు వచ్చింది. టైమ్ లేక ఆ మోడల్ చాలావరకు నేనే చేశాను. ‘మరి ఆ ప్రైజు? అది నేను చేయలేదు కదా, నేనే చేశానని చెప్పమన్నావు కదా’ అన్నాడు. అసలు విలువలు ఎక్కడి నుంచి వస్తాయి? పిల్లలకు ఎలా నేర్పాలి? భూతద్దం ఇంకా మా బీరువాలోనే ఉంది.

- ఒక తల్లి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. భూతద్దం సంగతి, దెబ్బ సంగతి, ఇంట్లో ఎవరేమన్నదీ వివరంగా రాసి, ‘పైగా ఎదురు మాట్లాడాడు’ అంటూ ఆ ప్రైజు విషయం చివర్లో చెప్పారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తానికీ గుండెకాయ అదే అనిపించింది.

మీవాడు ఏం చేశాడో ఒకసారి చూడండి. ఇంకొకరి వస్తువు తనదని చెప్పుకోవడం తప్పని అమ్మ అంటోంది. ఇంకొకరు చేసిన పని తనదని చెప్పుకోమన్నదీ అమ్మే. ఆ రెండూ పక్కపక్కన పెట్టి, రెండింటినీ ఒకే తూకంలో తూచాడు. తప్పించుకోవడానికే అన్నాడేమో, కాదనను. అయినా తప్పించుకోవడానికి వాడికి దొరికిన దారి న్యాయం గురించిన ఆలోచనే. విలువలు పట్టని పిల్లవాడికి ఆ ప్రశ్న తట్టదు. ఎక్కడి నుంచి వస్తాయా అని మీరు వెతుకుతున్నవి వాడి దగ్గర అప్పటికే ఉన్నాయి. కాకపోతే ముందుగా మీవైపు తిరిగాయి. అది ఎంత నొప్పి పుట్టిస్తుందో నాకు తెలుసు, అందుకే మీరు దాన్ని చివరికి నెట్టేశారనీ అర్థమైంది. ఆ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు మీ భయం సంగతి చూద్దాం.

ఒక్కసారి తీసినందుకు, ఒక అబద్ధం ఆడినందుకు వాడు దొంగ అయిపోడు. ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. 1920లలో అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు వేలమంది స్కూలు పిల్లల్ని పరీక్షించారు. పేపరు తామే దిద్దుకునేటప్పుడు, ఆటల్లో, ఇంటి దగ్గర చేసుకొచ్చే పనిలో, డబ్బు చేతికి వచ్చినప్పుడు, ఇలా రకరకాలుగా మోసం చేయడానికి వీలు కల్పించి ఎవరేం చేస్తారో చూశారు. పిల్లలు నిజాయతీపరులు, మోసగాళ్లు అని రెండు గుంపులుగా విడిపోతారనుకుంటే అలా జరగలేదు. పరీక్షలో కాపీ కొట్టినవాడు ఆటలో నిక్కచ్చిగా ఉన్నాడు, డబ్బు ముట్టనివాడు ఇంటిపనిలో మోసం చేశాడు. ఆ లెక్కల్నే తర్వాత తిరగేసినవాళ్లు పిల్లల్లో కొంత నిలకడ ఉందన్నారు, నిజమే. కానీ ఒక్క సంఘటన చూసి ఒక పిల్లవాడి మీద ముద్ర వేయడానికి మాత్రం ఎవరి లెక్కలూ ఒప్పుకోవు. మీరు వాడిన ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ‘దొంగ’ అన్నది వాడు చేసిన పనికి పేరు కాదు, మనిషికి పేరు. చేసిన పనిని సరిదిద్దుకోవచ్చు. ఆ పేరుతో ఏం చేసుకోవాలో తొమ్మిదేళ్లవాడికి తెలియదు, మోయడం తప్ప.

పుట్టుకతో వచ్చేదేమో అన్నారు. పుట్టుకతో వచ్చేది ఒకటి ఉంది, కాని అది మీరు భయపడుతున్నది కాదు. జర్మనీలో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 18 నెలల పిల్లల ముందు చిన్న చిన్న ఇబ్బందులు నటించి చూపించారు. బట్టలు ఆరేస్తూ క్లిప్పు కింద పడేసుకుని, అందుకోలేక చెయ్యి చాపడం, చేతుల నిండా పత్రికలు పట్టుకుని మూసి ఉన్న అల్మారా తలుపుకు వెళ్లి తగలడం లాంటివి. 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా వెళ్లి సాయం చేశారు. ఎవరూ అడగలేదు, మెచ్చుకోలేదు. కావాలని విసిరేసిన క్లిప్పును మాత్రం చాలావరకు తెచ్చివ్వలేదు. అంటే వస్తువు కింద పడటాన్ని కాదు, ఆ మనిషి ఇబ్బందిని చూస్తున్నారన్నమాట. ఇది 2006లో అచ్చయింది. రెండేళ్ల తర్వాత ఇదే ఇద్దరు ఇంకోటి గమనించారు. సాయం చేసినప్పుడల్లా బొమ్మ బహుమతిగా ఇస్తూ పోతే, బహుమతి ఆపేశాక ఆ పిల్లలు మునుపటిలా సాయం చేయలేదు. ఏమీ ఇవ్వని పిల్లలు మాత్రం చేస్తూనే ఉన్నారు. మీ ప్రైజు సంగతి గుర్తొచ్చి ఇది రాస్తున్నాను.

(నెలల పిల్లలకే మంచీచెడూ తెలిసిపోతాయని కూడా మీరు చదివే ఉంటారు. బొమ్మల ఆటలో సాయం చేసే బొమ్మనే పసిపిల్లలు ఎంచుకుంటారని 2007లో వచ్చిన పరిశోధన చాలా పేరు తెచ్చుకుంది. ఈమధ్య అనేక దేశాల ప్రయోగశాలలు కలిసి పెద్ద ఎత్తున అదే చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి ఆ మాటను ఇప్పటికి పక్కన పెట్టండి.)

ఇక మీ అత్తగారి మాట. ఆవిణ్ని తీసిపారేయకండి. భక్తి నుంచే దయ నేర్చుకుని, దాని మీదే జీవితమంతా నిలబడినవాళ్లు ప్రపంచంలో కోట్లమంది. ఆవిడ తన జీవితంలో దేన్ని పట్టుకుని నిలబడ్డారో దాన్నే మనవడికి ఇవ్వాలనుకుంటున్నారు. నా పేచీ దేవుడితో కాదు, ఆ మాటలోని ‘భయం’తో.

ఇలియట్ ట్యూరియెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు చిన్న పిల్లల్ని ఒక తమాషా ప్రశ్న అడుగుతూ వచ్చారు. స్కూల్లో ఉన్న ఒక నియమం చెప్పి, ‘టీచరు ఫరవాలేదంటే అప్పుడు ఆ పని చేయొచ్చా?’ అని. బట్టలు, కూర్చునే చోటు, టీచరును పేరు పెట్టి పిలవడం లాంటివైతే టీచరు సరేనంటే చేయొచ్చనే నాలుగైదేళ్ల పిల్లలు కూడా అంటారు. ‘మరి టీచరు సరేనంటే పక్కవాణ్ని కొట్టొచ్చా?’ అంటే కొట్టకూడదంటారు. ఎందుకంటే వాడికి నొప్పి పుడుతుంది కాబట్టి. టీచరు ఒప్పుకున్నంత మాత్రాన నొప్పి తగ్గదు. ల్యారీ నూచీ అనే పరిశోధకుడు ఇదే ప్రశ్నను బాగా నియమనిష్ఠలతో పెరుగుతున్న క్రైస్తవ, యూదు కుటుంబాల పిల్లల దగ్గరకు తీసుకెళ్లాడు. దేవుడు వద్దని చెప్పి ఉండకపోతే, వాళ్లు ఆరాధనకు కేటాయించుకున్న సెలవు దినాన పని చేయొచ్చా అంటే చాలామంది చేయొచ్చన్నారు. దేవుడే దొంగతనం చేయమని చెబితే చేయొచ్చా అంటే ఎక్కువమంది తప్పేనన్నారు. దేవుడు అలాంటి మాట చెప్పడని కూడా కొందరన్నారు. ఆ జవాబు నాకు చాలా నచ్చింది. ఆ పిల్లలు దేవుణ్ని కాదనలేదు. మంచితనమే దేవుడి గుణమని నమ్మారు, అంతే. మంచిపని దేవుడు మెచ్చాడు కాబట్టి మంచిదైందా, మంచిది కాబట్టి దేవుడు మెచ్చాడా అని సోక్రటీస్ అడిగినట్టు ప్లేటో రాసి 2,300 ఏళ్లు దాటింది. ఆ ప్రశ్నకు పిల్లలు తమకు తోచిన జవాబు ఇలా చెప్పారు.

ఇంకొకటి కూడా చూడండి. ఒకరు చేస్తే మన మనసుకు ఏది కష్టమనిపిస్తుందో దాన్ని మనం ఇంకొకరికి చేయకూడదని తిక్కన మనకు తెలుగులో చెప్పాడు. చైనాలో కన్ఫ్యూషియస్ దాదాపు ఇదే చెప్పాడు. యూదు గురువు హిల్లెల్ కూడా ఇదే మాట చెప్పి మిగతాదంతా దీనికి వ్యాఖ్యానమే అన్నాడని వాళ్ల గ్రంథాల్లో ఉంది. ఇంత దూరదూరంగా, వేరువేరు దేవుళ్లను కొలిచే చోట్ల ఒకే మాట పుట్టిందంటే దాని వేరు ఎక్కడుందో ఆలోచించండి. కలిసి బతికే మనుషుల మధ్య ఉంది. నన్ను కొడితే నాకు నొప్పి, వాణ్ని కొడితే వాడికీ నొప్పి. ఇంత చిన్న ఎరుక అది. మతాలు దానికి కథలిచ్చాయి, పండితులు వాదనలిచ్చారు, చట్టాలు బలమిచ్చాయి. ఆ ఎరుక మాత్రం ప్రతి పిల్లవాడిలో కొత్తగా, ఎవరో ఒక మనిషి ముఖం చూస్తూ కలగాల్సిందే.

అందుకని అత్తగారితో వాదన పెట్టుకోకండి. ‘దేవుడు చూస్తున్నాడు, శిక్షిస్తాడు’ అనేచోట, ‘ఆ అబ్బాయి ఏడుస్తుంటే దేవుడికి బాధ కదా నాన్నా’ అని చెప్పమనండి. ఆవిడ నమ్మకం చెక్కు చెదరదు, పిల్లవాడి కళ్లు సరైన వైపు తిరుగుతాయి. బామ్మలు అడిగితే కాదనరని నా నమ్మకం.

మీవారు అన్నదాని గురించి ఎక్కువ రాయను. స్కూల్లో నీతి పాఠం ఉంటే మంచిదే, చెడిపోయేదేమీ లేదు. కాని అన్ని కథలూ ఒకేలా పనిచేయవు. 2014లో కాంగ్ లీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు రకరకాల కథలు చెప్పి, తర్వాత వాళ్లు నిజం ఒప్పుకుంటారా అని చూశారు. అబద్ధమాడితే ముక్కు పెరిగిన బొమ్మ కథ, ‘నాన్నా పులి’ లాంటి కథ, అంటే అబద్ధానికి శిక్ష పడే కథలు, ఏమీ ఒరగబెట్టలేదు. చెట్టు నరికానని తండ్రి ముందు ఒప్పుకున్న జార్జ్ వాషింగ్టన్ కథ విన్న పిల్లలు మాత్రం నిజం చెప్పడం పెరిగింది. అదే కథ చివర మార్చి, ఒప్పుకోనందుకు శిక్ష పడినట్టు చెబితే ఆ ప్రభావం పోయింది. ఒప్పుకుంటే బతుకుతాం అని కనిపించిన చోట పిల్లలు ఒప్పుకున్నారు. మీ ఇంట్లో ఒప్పుకున్నాక ఏం జరిగింది? దెబ్బ పడింది. మిమ్మల్ని నిందించడానికి అనడం లేదు, అమ్మా. కోపం వచ్చింది, చెయ్యి లేచింది. కాని వాడు నేర్చుకున్నది మాత్రం ‘ఒప్పుకుంటే కొడతారు’ అనే.

ఇక నేర్పడం. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మనం తరతరాలుగా అంటున్నాం. చిన్నప్పుడే మొదలుపెట్టాలన్నంత వరకు అది నిజమే. కాని వంచడం అనేదే మనసులో పెట్టుకుంటే చెయ్యి బలంగా పడుతుంది. పిల్లల్ని వంచితే వంగుతారు, మనం చూస్తున్నంతసేపు. మనం లేనిచోట వాళ్లకు తోడుండేది వేరే.

ఒకాయన గురించి చెప్పాలి. పోలండ్‌లో పుట్టిన శామ్యూల్ ఒలీనర్ అనే యూదు పిల్లవాడికి 1942లో పన్నెండేళ్లు. నాజీలు వాళ్ల కుటుంబాన్ని మొత్తం చంపేశారు. ఒక క్రైస్తవ రైతు స్త్రీ అతన్ని చేరదీసి, వేరే పేరు పెట్టి, అడిగితే ఏం చెప్పాలో నేర్పి కాపాడింది. పట్టుబడితే ఆమెకు చావే. అతను బతికాడు, అమెరికా వెళ్లాడు, ప్రొఫెసర్ అయ్యాడు. జీవితమంతా ఒకే ప్రశ్న వెంట పడ్డాడు. ఆమె ఎందుకు చేసింది? పక్కింటివాళ్లు ఎందుకు చేయలేదు? భార్య పెర్ల్‌తో కలిసి, అలా యూదుల్ని దాచి కాపాడిన నాలుగు వందల మందికి పైగా మనుషుల్ని, కాపాడనివాళ్లను కూడా కూర్చోబెట్టి అడిగాడు. 1988లో ఫలితాలు పుస్తకంగా తెచ్చాడు. భక్తి ఎక్కువా తక్కువా అన్నది వాళ్లను పెద్దగా వేరు చేయలేదు. బాల్యం గురించి అడిగినప్పుడు మాత్రం ఒక తేడా కనిపించింది. కాపాడినవాళ్ల తల్లిదండ్రులు కొట్టడం తక్కువ, వివరించి చెప్పడం ఎక్కువ. తప్పు చేసినప్పుడు కూర్చోబెట్టి, నువ్వు చేసినదానివల్ల ఎవరికి ఏమైందో చూడు అని చెప్పారట. మన మనిషా పరాయి మనిషా అని చూడకుండా అందరినీ ఒకేలా చూడాలని ఆ ఇళ్లలో నేర్పారు.

అలా చెప్పడం వల్ల ఎందుకు పనవుతుందో మార్టిన్ హాఫ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల నుంచి వివరిస్తూ వచ్చారు. దెబ్బ పడ్డప్పుడు పిల్లవాడి ధ్యాసంతా దెబ్బ మీద, కొట్టినవాళ్ల మీద ఉంటుంది. భూతద్దం పోగొట్టుకున్న స్నేహితుడు ఆ గదిలోంచి మాయమైపోతాడు. అదే ‘వాడు మూడు రోజులుగా మంచం కింద, పుస్తకాల మధ్య వెతుకుతున్నాడట’ అని చెబితే, తప్పు అంటే ఏమిటో ఒక ముఖంతో సహా కనిపిస్తుంది. మీ ఉత్తరంలో ఆ మూడు రోజుల వెతుకులాట గురించి రాశారు. అది మీవాడికి చెప్పారా? చెప్పకపోతే ఈ రాత్రే చెప్పండి. గొంతు పెంచకుండా, కథ చెప్పినట్టు చెప్పి, కాసేపు ఊరుకోండి. వాడేమీ అనకపోయినా ఫరవాలేదు.

మీ ఉత్తరంలో లేనిది ఇంకొకటి ఉంది. వాడు భూతద్దం ఎందుకు తీశాడు? చీమల్ని చూడాలనా? ఫ్రెండు మీద కోపమా? అడిగితే ఇవ్వనన్నాడా? చూసి ఇచ్చేద్దామనుకుని భయపడి ఆగిపోయాడా? పిల్లల ఆలోచనల్ని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే 1932లో రాసిన ఒక ఉదాహరణ చాలామంది వినే ఉంటారు. తలుపు వెనక కప్పులున్న సంగతి తెలియక తలుపు తోసి పదిహేను కప్పులు పగలగొట్టినవాడు, దొంగచాటుగా అల్మారాలో చెయ్యి పెట్టి ఒక్క కప్పు పగలగొట్టినవాడు, వీళ్లలో ఎవరిది పెద్ద తప్పు అంటే చిన్న పిల్లలు పదిహేను కప్పులవాడిదే అంటారు. పెరిగేకొద్దీ, మీవాడి వయసు వచ్చేసరికి, ఉద్దేశం చూడటం మొదలుపెడతారు. వాడు ఉద్దేశాలు చూసే వయసులో ఉన్నాడు. మనం మాత్రం కప్పులు లెక్కపెడుతూ కూర్చుంటే ఎలా? ‘ఎందుకు తీశావు’ అని విచారణలా కాకుండా, నిజంగా తెలుసుకోవాలని అడగండి. జవాబు ఏదైనా భూతద్దం తిరిగి ఇవ్వాల్సిందే. కాని ఏం నేర్పాలన్నది ఆ జవాబును బట్టి మారుతుంది. కోపంతో తీసినవాడికి కోపం గురించి, అడగడానికి భయపడినవాడికి అడగడం గురించి నేర్పాలి.

ఇంటిల్లిపాదికీ పనికొచ్చే ఒక మాట కూడా ఇక్కడే చెబుతాను. మనం నీళ్లు ఒలకబోసినా, జుట్టు దువ్వుకోకపోయినా, చేతిరాత బాగాలేకపోయినా, అబద్ధమాడినా ఒకే గొంతుతో తిడతాం. రోజుకు ఇరవైసార్లు అదే గొంతు వింటే పిల్లవాడికి ఏది బరువైనదో ఎలా తెలుస్తుంది? ఇందాక చెప్పిన పిల్లలు నియమానికీ నొప్పికీ తేడా చూడగలిగారు. మనమే ఆ తేడాను మన గొంతుతో చెరిపేస్తున్నాం. జుట్టు సంగతి తేలిగ్గా చెప్పండి. ఆ బరువైన గొంతును ఎవరికైనా దెబ్బ తగిలిన సందర్భాలకు దాచుకోండి.

ఇప్పుడు ప్రైజు దగ్గరికి వద్దాం.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మన పెద్దలు ఊరికే అనలేదు. 2014లోనే అమెరికాలో చెల్సియా హేస్, లెస్లీ కార్వర్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు పిల్లలకు ఒక అబద్ధం చెప్పి చూశారు. పక్క గదిలో గిన్నె నిండా మిఠాయిలున్నాయి, ఆడుకుందాం రమ్మని పిలిచి, వెళ్లాక అవేమీ లేవు, నిన్ను రప్పించడానికే చెప్పానన్నారు. ఇంకొందరికి అబద్ధం చెప్పలేదు. తర్వాత ఒక ఆటలో వెనక్కి తిరిగి చూడకూడదని చెప్పి గదిలో ఒంటరిగా వదిలేశారు. బడికి వెళ్లే వయసు పిల్లల్లో, అబద్ధం వినని వాళ్లలో 60 శాతం దాకా తొంగి చూశారు. అబద్ధం విన్నవాళ్లలో 80 శాతం దాకా చూశారు. చూసినవాళ్లలో ఆ సంగతి దాచి అబద్ధమాడినవాళ్లు మొదటి గుంపులో 60 శాతం దాకా, రెండో గుంపులో 90 శాతం దాకా ఉన్నారు. అది ముక్కూ మొహం తెలియని మనిషి చెప్పిన ఒక్క చిన్న అబద్ధం. మీరు అమ్మ.

ఆ మోడల్ మీరు ప్రేమతోనే చేశారు. నిద్ర మానుకుని అతికించి, రంగులేసి ఉంటారు. వాడు చిన్నబోకూడదని చేశారు. కాని ఎగ్జిబిషన్‌లో ఆ పక్క బల్ల మీద ఒక పిల్లవాడు తన చేత్తో చేసుకున్న వంకరటింకర మోడల్ పెట్టుకుని నిలబడి ఉంటాడు కదా. జడ్జీలు అడిగితే తడబడుతూ చెప్పి ఉంటాడు. ఆ ప్రైజు ఆ పిల్లవాడిదో, ఆ వరుసలోని ఇంకో అమ్మాయిదో అయి ఉండాలి. మీ బీరువాలో ఇప్పుడు ఇతరులకు చెందినవి రెండున్నాయి. మీవాడికి ఆ సంగతి తెలుసు. మీకు చెప్పాడు కూడా.

నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. ఒకరోజు నాన్న పెన్ను విరిగి కనిపించింది. అక్క తీసిందనుకుని అందరి ముందూ గట్టిగా తిట్టారు. అక్క కాదంది, నాన్న వినలేదు. సాయంత్రానికి తెలిసింది, అది ఆయన జేబులోనే విరిగిందని. రాత్రి అక్క నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. నాన్న వచ్చి గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డారు. తర్వాత వచ్చి అక్క ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. ఆయన నేల మీద కూర్చోవడం మాకు కొత్త. ‘పొద్దున నిన్ను అన్నాను. తప్పు నాది. నువ్వు చెబుతున్నా వినలేదు, అది ఇంకా పెద్ద తప్పు’ అన్నారు. అక్క పుస్తకంలోంచి తలెత్తలేదు. ఆయన లేచిపోలేదు. అలాగే కూర్చుని, అక్క ఎర్రగీత కొట్టడానికి వెతుకుతుంటే స్కేలు అందించారు. నిజం చెప్పాలని నాన్న మాకు ఎన్నిసార్లు చెప్పారో నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆ స్కేలు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందుంది.

మీరు చేయాల్సింది అదే అని నా అభిప్రాయం. వాణ్ని కూర్చోబెట్టి, ‘నువ్వు అడిగింది నిజం. ఆ మోడల్ నేను చేసి నిన్ను అబద్ధం చెప్పమన్నాను. నేను చేసింది తప్పు. ఎవరో ఒకరికి రావాల్సింది మనం తీసుకున్నాం. నేను టీచరుకు చెప్పి తిరిగి ఇచ్చేస్తాను’ అనండి. మధ్యలో ‘కాని’ అని ఒక్క మాట కూడా రానివ్వకండి. ‘నేను చేశాను కాని నువ్వు మాత్రం’ అన్నారంటే అది ఒప్పుకోలు కాదు, బేరం. కొట్టినందుకూ, అన్న మాటకూ కూడా అప్పుడే క్షమించమని అడగండి. పిల్లల్ని క్షమాపణ అడిగితే అలుసైపోతామనే భయం మనలో చాలామందికి ఉంది. నేను చూసినంతలో పిల్లలు అలుసు చేసేది తప్పు దాచిన పెద్దవాళ్లనే.

టీచరు దగ్గర ఆ మాట మీరే చెప్పండి. వాణ్ని పక్కన ఉండనివ్వండి, మాట్లాడమని తోయకండి. చెప్పమన్నది మీరు కాబట్టి అది మీ తప్పు. నలుగురిలో పరువు పోతుందని అనిపిస్తుంది, మెడ వేడెక్కుతుంది. వాడు మీ ముఖం చూస్తూనే ఉంటాడు. ఆ ఇబ్బంది దాచుకోవాల్సిన పని లేదు. తప్పు ఒప్పుకోవడం పెద్దవాళ్లకూ కష్టమేననీ, కష్టమైనా చేయొచ్చనీ, చేశాక మనిషి మామూలుగానే ఇంటికి నడిచి వస్తాడనీ వాడు చూడాలి.

భూతద్దం సంగతి వాడి తప్పు, కాబట్టి అది వాడి చేతిలోనే వెళ్లాలి. మీరు ముందు ఆ అబ్బాయి వాళ్లమ్మకు ఫోన్ చేసి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి. ‘చూస్తే ఇక్కడే దొరికింది’ లాంటి మాటలు వద్దు. మీతో పాటు వాణ్ని వాళ్లింటికి తీసుకెళ్లండి. వాడేం చెప్పాలో కంఠస్థం చేయించకండి. ‘నేను తీశాను, అబద్ధం చెప్పాను, ఇదిగో’ అన్నా చాలు. ఇల్లు కడుతూ కట్టడం నేర్చుకున్నట్టే, వాద్యం వాయిస్తూ వాయించడం నేర్చుకున్నట్టే, న్యాయమైన పనులు చేస్తూనే మనిషి న్యాయంగా తయారవుతాడని అరిస్టాటిల్ అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి ఆ భూతద్దం చాపిన చెయ్యి అలాంటి పని చేస్తున్నట్టే. ఆ అబ్బాయికి కోపం రావచ్చు, మాట్లాడకపోవచ్చు. ‘సారీ చెప్పాడు కదా, ఫ్రెండ్స్ అయిపోండి’ అని మీరు గానీ వాళ్లమ్మ గానీ తొందరపెట్టకండి. క్షమించాలా వద్దా అన్నది ఆ అబ్బాయి ఇష్టం.

క్లాసులో అందరి ముందూ చెప్పించడం, అత్తగారి ఎదుట మళ్లీ మళ్లీ ఎత్తడం, బంధువులకు ఫోన్లో చెప్పడం వద్దు. సిగ్గుతో కుంగిపోయినవాడికి తన బాధ తప్ప ఎదుటివాడి బాధ కనిపించదు. ఇచ్చి వచ్చాక ఆ విషయం మీ ఇంట్లో ముగిసిపోవాలి.

ఇంకోసారి అబద్ధం ఆడడా అంటే ఆడొచ్చు. అప్పుడు మళ్లీ కూర్చోవాలి, మళ్లీ అడగాలి, మళ్లీ ఎవరికి ఏమైందో చెప్పాలి. ఇది ఒక్క రోజులో అయ్యే పని అని నేను చెప్పలేను.

రెండు పనులకూ వరుస మాత్రం తప్పకండి. ముందు టీచరు దగ్గరికి మీరు వెళ్లి ప్రైజు ఇచ్చేయండి. ఆ తర్వాత ఆ అబ్బాయి ఇంటికి. అందాకా భూతద్దం బీరువాలోంచి తీసి, గీత పడకుండా మెత్తటి గుడ్డలో చుట్టి వాడికే ఇచ్చి జాగ్రత్తగా ఉంచమనండి.